మోటారు లేని ఇంజన్

ఫిర్దౌస్‌కు కోపం వస్తే నోరు మూతపడుతుంది, చేతులకు పని పెరుగుతుంది. సంతోష్‌నగర్‌లో ఆమె దుకాణం ఎరిగినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. మైకు సెట్లు, ఆంప్లిఫయర్లు, పెళ్లి బారాత్ బండ్ల మీద కట్టే పెద్ద స్పీకర్లు బాగుచేయడం ఆమెకు పద్దెనిమిదేళ్లుగా ఉన్న పని. ఆ రోజు ఎవరితోనూ మాట్లాడకుండా వరసగా మూడు స్పీకర్లు విప్పి పడేసిందంటే, కారణం వేణుగోపాల్ అనే పెద్దమనిషి.

వేణుగోపాల్ బొమ్మ రైళ్ల క్లబ్బుకు సెక్రటరీ. ఆదివారం మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో క్లబ్బు ప్రదర్శన ఉంది. అక్కడ పెట్టబోయే ప్రతి బండినీ ముందే చూసి, రిజిస్టరులో ఇంజన్ల కింద రాయాలో, ఇంజన్ లాక్కెళ్లే డబ్బాల కింద రాయాలో తేల్చేది ఆయనే. సోమయ్య తెచ్చిన ఇంజన్‌ను ఎత్తి, బోర్లించి, లోపల మోటారు లేదని చూసి డబ్బాల కింద రాసేశాడు. ఇంకోటి లాగితే గానీ కదలనిది ఇంజన్ ఎట్లా అవుతుందని నవ్వాడట కూడా.

సోమయ్య ముప్పై ఆరేళ్లు డీజిల్ షెడ్డులో ఫిట్టర్‌గా చేసి రిటైరయినవాడు. చెవులు ఆ షెడ్డుకే ధారపోశాడు. ఇప్పుడు పక్కన నిలబడి గట్టిగా చెబితే సగం వినబడుతుంది. రెండేళ్లు కూర్చుని, నూనె డబ్బాల రేకు కత్తిరించి, తన చేతుల మీద నడిచిన ఒక ఇంజన్‌ను జానెడు పొడవున అచ్చు దించాడు. మోటారు పెట్టడం చేతకాక వదిలెయ్యలేదు. జంటగా కట్టే బొమ్మ ఇంజన్లలో రెండింటికీ మోటార్లుంటే, వేగం కుదరక ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. అందుకని ముందుదానికే మోటారు పెడతారు. సోమయ్యది వెనక నిలబడే ఇంజన్.

"దీనికి నోరు పెట్టు బిడ్డా," అన్నాడు ఫిర్దౌస్‌తో. "మోటారు లేకుంటే లేకపాయె. ఇంజన్ల కింద రాపియ్యాలె, గంతే."

దాంతోపాటు ఒక పాత క్యాసెట్ ఇచ్చాడు. అసలు ఇంజన్‌ను పక్కన పెట్టేయడానికి వారం ముందు టేప్ రికార్డర్ పట్టుకుని నిలబడి ఎక్కించుకున్న చప్పుడు అది. ధడధడ మంచిగానే సాగుతూ, ఉన్నట్టుండి మధ్యలో ఒక దగ్గు వినబడుతుంది. ఒక సిలిండర్ ఎప్పుడూ కాస్త ఆలస్యంగా పేలేదట. ఫిర్దౌస్ వృత్తిధర్మం కొద్దీ దాన్ని శుభ్రం చేస్తానంది. సోమయ్య క్యాసెట్ మీద చెయ్యి అడ్డం పెట్టాడు. దగ్గు తీస్తే అది ఎవరి ఇంజనో అవుతుందన్నాడు.

క్యాసెట్ చప్పుడును ఫోనుతో మార్చుకోగల చిన్న చిప్పులోకి ఎక్కించి, దాంతోపాటు ఇంజన్‌లో మొబైల్ స్పీకర్ ఒకటి బిగించి, చక్రానికి చిన్న అయస్కాంతం అంటించింది ఫిర్దౌస్. చక్రం తిరిగితే చప్పుడు, జోరుగా తిరిగితే పెద్ద చప్పుడు. తన తెలివికి తానే మురిసిపోయి సోమయ్యను పిలిపించింది. ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన రేకు మీద, పిడి చెవి వెనక ఎముక మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. షెడ్డులో ఫిట్టర్లు ఇంజన్ కడుపులో మాట వినే పద్ధతి అదే. చెవి పోయినా ఎముక వింటుంది.

"ఇది సైకిల్ డైనమో తీరున్నది," అన్నాడు కళ్లు తెరిచి. "డీజిల్ గిట్ల చెయ్యది బిడ్డా. ముందుగాల ఒర్లుతది, బరువు ఎత్తుకుంటది, గప్పుడు చక్రం కదుల్తది. దిగుడు మీద చక్రాలు ఉరుకుతుంటే ఇది సల్లగ ఉంటది. నువ్వు అంతా ఉల్టా చేసినవ్."

ఆమె మొహం మాడిపోయింది. అయినా మాట న్యాయమైనది. రెండు రోజులు మథనపడింది. క్లబ్బు బల్ల మీద పట్టాల్లోంచే కరెంటు వస్తుంది. వేగం పెంచే బిరడా తిప్పగానే కరెంటు పెరుగుతుంది గానీ, ముందు ఇంజన్ మోటారు కదలడానికి కొంత కరెంటు కూడాలి. ఆ కాస్త వ్యవధి చాలు. అయస్కాంతం పీకేసి, చక్రాలకు సన్నటి రాగి రేకులు ఆనించి, చప్పుడును పట్టాల కరెంటుకు కట్టింది. ఇప్పుడు కరెంటు పెరిగితే గొంతు పెరుగుతుంది, చక్రం సంగతి చక్రానిదే. సోమయ్య మళ్లీ స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. రేకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

ఆదివారం హాల్లో వేణుగోపాల్ తన ఇంజన్ వెనక దీన్ని తగిలించి బిరడా తిప్పాడు. ఏదీ కదలకముందే వెనక రేకు ఇంజన్ గర్జించింది, దగ్గింది, మళ్లీ గర్జించింది. ఆ తర్వాత బండి నెమ్మదిగా సాగింది. జనం వెనకదాని చుట్టూ మూగారు. వేణుగోపాల్ మెచ్చుకున్నాడు, అబద్ధం ఎందుకు. కానీ ఆ దగ్గు దోషమన్నాడు. దోషమున్న చప్పుడు ప్రదర్శనకు పనికిరాదు, అది తీసేస్తే ఇప్పుడే ఇంజన్ల కింద రాస్తానన్నాడు.

ఫోనులో రెండు నిమిషాల పని. సోమయ్యకు ఈ బేరం వినబడలేదు, ఆయన కళ్లు రిజిస్టరు మీదే ఉన్నాయి. తీసేసి చెప్పకుండా ఊరుకుంటే ముసలాయన మురిసిపోతాడు. ఫిర్దౌస్ వేలు ఫోను మీదికి పోయింది కూడా. పోయినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వంగి ఆయన చెవిలో ఉన్నదున్నట్టు అరిచి చెప్పింది.

"షెడ్డుల రిపేరైన ఇంజన్‌ను నిలబెట్టే పూరా జోరు మీద ఒర్లిపిస్తుంటిమి," అన్నాడు సోమయ్య. "గంటలకు గంటలు. అడుగు కదల్నిస్తలేకుంటిమి. గది చూసినంకనే పాస్ అని రాస్తుండిరి. నువ్వు గూడ నిలబెట్టు బిడ్డా."

ఫిర్దౌస్ ముందున్న మోటారు ఇంజన్‌ను ఎత్తి, భద్రంగా వేణుగోపాల్ చేతిలో పెట్టింది. రేకు ఇంజన్ ఒక్కటే పట్టాల మీద మిగిలింది. బిరడా చివరిదాకా తిప్పింది. లాగేవాడు లేక, తోసేవాడు లేక, ఉన్నచోటే నిలబడి అది హాలంతా వినబడేలా మోగింది. రెండు గర్జనలకొక దగ్గు. వేణుగోపాల్ స్విచ్చు మీదికి చెయ్యి చాచాడు.

"బంద్ చేస్తే చెయ్యుండ్రి సార్," అంది ఫిర్దౌస్. "గని బంద్ చేసింది ఎవరో గూడ గా బుక్కుల రాయుండ్రి."

ఆ చెయ్యి గాల్లోనే ఆగింది. పదకొండు గంటలకు మొదలైన మోత మధ్యాహ్నం దాటినా ఆగలేదు. ఎక్కడెక్కడి రిటైరైన రైల్వేవాళ్లో వచ్చి, నిలబడి విని, సోమయ్య భుజం తట్టి పోయారు. ఫిర్దౌస్ తిండికి కూడా పక్కకు జరగలేదు. నాలుగింటికి వేణుగోపాల్ వచ్చి, రిజిస్టరు విప్పి, డబ్బాల కింద రాసింది కొట్టేసి ఇంజన్ల కింద రాశాడు.

దగ్గు కూడా రాయమంది ఫిర్దౌస్.

ఆయన పళ్లు కొరుక్కుంటూ 'దగ్గు కలదు' అని చేర్చాడు. సోమయ్య కళ్లద్దాలు సవరించుకుని, వేలు పెట్టి అక్షరం అక్షరం చదివి, తల అడ్డంగా ఊపాడు.

"ఐదో సిలిండర్ అని రాయి," అన్నాడు. "మిగిలినయి మంచిగనే ఉన్నయ్."