అడిగింది నన్నే

ఇలా దగ్గరికి జరుగు తల్లీ, ఆ దిండు నడుం కింద పెట్టుకో. నాలుగు నెత్తుటి చుక్కలు కనిపించాయని నువ్వు వణికిపోవడం చూశాను. "బండెందుకెక్కావు?" అని మీ ఆయన అన్నదీ విన్నాను. లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పి పంపినా నీ మొహం విప్పారలేదు. అందుకే చెబుతున్నాను, విను.

అప్పుడు నేను హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసేదాన్ని. ఆవిరిలో నిలబడి మడతలు పెడుతుంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ల నిద్రల్ని మడిచి అరల్లో సర్దుతున్నట్టుండేది. కడుపులో నలుసు పడ్డాక ఆ ఆవిరంతా మబ్బయింది, కాళ్లు నేలకు ఆనేవి కావు. ఆ మబ్బులోనే ఒకరోజు లోపలి బట్టకు చిన్న మరక. కుళాయి కింద పెడితే ఎర్రటి దారంలా సాగి నీళ్లలో కలిసిపోయింది. దాని వెంట నేనూ కొట్టుకుపోతున్నాననిపించింది.

ఇంటికొచ్చి చెబితే అత్తగారు గరిటె తిప్పడం ఆపలేదు. "ఇవాళే రావాలా ఇది? సాయంత్రం నీ ఆడపడుచు వాళ్లొస్తున్నారు. పనిలో పడు, అదే పోతుంది." మీ తాతయ్య చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "నిన్నెవరు బకెట్ ఎత్తమన్నారు?" అన్నారు. ఆ బకెట్‌లో నీళ్లు ఆయన స్నానానికే! అయినా ఆ మాట నాలో దిగిపోయింది. ఎత్తినవీ, వంగినవీ, తిన్నవీ, ఆఖరికి కన్న కలలూ తవ్వుకున్నాను, ఎక్కడ తప్పు చేశానా అని.

ఆసుపత్రి సంగతి చుట్టాలు తిని వెళ్లాక చూద్దామన్నారు. నేను చేతులు తుడుచుకుని చెప్పులేసుకున్నాను. గొణుక్కుంటూ అత్తగారూ వెంట వచ్చారు.

ఆసుపత్రి గదిలో తెల్లటి పరదా నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఊగుతోంది.

"ఎప్పట్నుంచి?" అంది నర్సు.

"ఏం లేదమ్మా, కొంచెమే. ఈ కాలం పిల్లలకి అన్నిటికీ కంగారే," అన్నారు అత్తగారు.

"నొప్పేమైనా ఉందా?"

"దానికేం నొప్పి, రాయిలా ఉంటేనూ!"

"కడుపు మీకొచ్చిందా పెద్దమ్మా, ఆమెకా?" అని నర్సు నా వైపు తిరిగింది.

నీళ్లడుగు నుంచి ఒక్కసారిగా పైకి తేలినట్టయింది. పెళ్లయ్యాక నా ఒంటి సంగతి నన్నే అడిగిన మొదటి మనిషి ఆమె.

"అత్తయ్యా, మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నాను. ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం.

అంతా చెప్పాను. "బకెట్ ఎత్తాను, అందుకేనా?" అనీ అడిగాను.

"దానికీ దీనికీ సంబంధం లేదమ్మా. మొదటి నెలల్లో చాలామందికి ఇలా కనిపిస్తుంది. ఎక్కువమందికి బిడ్డ నిలుస్తుంది. కొందరికి నిలవదు. అది తల్లి తప్పు కాదు. ఎక్కువైనా, నొప్పొచ్చినా వెంటనే వచ్చెయ్యి."

ఆ బిడ్డ నిలవలేదు తల్లీ. మీ అమ్మ ఆ తర్వాతి కాన్పు. ఇంట్లో మళ్లీ బకెట్ పాటే ఎత్తుకున్నారు. "కాదు," అన్నాను. ఆ ఒక్క మాట అన్నాకే నేను నేరం మొయ్యకుండా, తల్లిలా ఏడవగలిగాను.

నీ బిడ్డ హాయిగా పుడుతుందనే నా ఆశ. ఏదేమైనా ఇది మర్చిపోకు. రేపు ఏ పిల్లయినా భయంతో నీ దగ్గరికొస్తే, ముందు ఆ పిల్లనే అడుగు. తీరిగ్గా విను. ఆపైన నా సంగతి చెప్పు.