పొయ్యి పక్క గోడ

మూడో వాయి ఇడ్లీపాత్ర మూత తీస్తూ జ్ఞానప్రకాశం ఆవిరి తగలకుండా తల పక్కకు తిప్పాడు. ఆ తిప్పిన తలతోనే వరసలో ఎవరు నిద్రమొహంతో వచ్చారో, ఎవరు చొక్కా తిరగేసి తొడుక్కున్నారో చూసేశాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న లీలావతికి ఇక జరగబోయేది తెలుసు. పదకొండేళ్లుగా ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర ఆమె టిఫిన్ మెస్‌లో పొద్దు ఇలాగే మొదలవుతోంది. ఇంజనీరింగు చదివే తెలుగు పిల్లలు అంత దూరం నడిచొచ్చేది ఇడ్లీ కోసమో, ఆ ముసలాయన చేత నాలుగు మాటలు పడటం కోసమో వాళ్లకే తెలీదు.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. పొయ్యి వైపు ఉండే కుడిచెంప ఎడమచెంప కన్నా ఒక ఛాయ నలుపు. కుడి ముంజేతి మీద వెంట్రుకలు మొలవడం మానేసి పాతికేళ్లు దాటింది. మెడలో నల్లతాడుకి వెండి శిలువ, దానికి ఎప్పుడూ ఎండిన పిండి. చదువు రైల్వే బడిలో అయిదో తరగతి సగంలో ఆగిపోయింది, లెక్కల మాస్టారి కుర్చీ మీద దూలగొండి పరిచిన రోజున. ఆ కథ ఆయనే చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ మాస్టారు ఇంకొంచెం ఎక్కువ గోక్కుంటాడు.

ఆయన కథల్లో సగం జెర్రీవి. జెర్రీ ఆయనతో కలిసి పెళ్లిళ్లకి వంటలు చేసినవాడు. పెళ్లికొడుకు చెప్పులు సాంబారు గంగాళం కింద దాచింది జెర్రీ, పంతులుగారికి పచ్చిమిరపకాయ బజ్జీని అరటికాయ బజ్జీ అని పెట్టింది జెర్రీ. మెస్‌కి వచ్చే వాళ్లందరికీ జెర్రీ తెలుసు. వాల్తేరులో ఎక్కడో మనవలతో ఉండి ఉంటాడని లీలావతి అనుకునేది.

పోయిన వారం గరిటె చేతిలో ఉండగానే ఆయన కళ్లు బైర్లు కమ్మి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. చుట్టూ చేరిన పిల్లలకి కన్ను గీటి, తన నటన ఎలా ఉందని అడిగాడు. అందరూ నవ్వారు. లీలావతి నవ్వలేదు. ఆయన చొక్కా పిండేటట్టు తడిసి ఉంది, పెదవులు తెల్లబడి ఉన్నాయి. వైశాఖమాసపు ఎండకి వంటింటి రేకులు పెనంలా కాలుతున్నాయి, కింద రెండు పొయ్యిలు. ఆ వేడిలో నిలబడితే గుండె ఊరుకోదని డాక్టరు చెప్పాడు. ఖరిదా నుంచి జ్ఞానప్రకాశం కూతురు దోర్కా వచ్చి, వంటిల్లు చల్లబడుతుందా, నాన్నని ఇంట్లో కూర్చోబెట్టమంటావా, రెండిట్లో ఒకటి తేల్చమంది.

లీలావతి తేల్చుకుంది. రేకులూ, తడకలూ పీకించి, పైకప్పూ నాలుగు గోడలూ చల్లదనం నిలిపే శాండ్‌విచ్ ప్యానెళ్లతో కట్టిస్తుంది. ఆ ముసలాయన ఇంకో పదేళ్లు తన వంటింట్లో కోతివేషాలు వెయ్యాలి. ఆమెకి కావలసింది అంతే.

పదకొండింటికి ఝపటాపూర్ నుంచి ప్యానెళ్ల షాపు యజమాని జితేంద్ర మూడు నమూనా ముక్కలు పట్టుకొచ్చాడు. ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగినవాడు, తెలుగు అర్థమవుతుంది.

"శాండ్‌విచ్ అన్నావు దాదా, సట్నీ ఏదీ?" అని ఎదురెళ్లాడు జ్ఞానప్రకాశం.

మూడూ చెయ్యంత ముక్కలే. ఇరుపక్కలా పల్చటి రేకు, మధ్యలో నాలుగువేళ్ల మందాన సరుకు. ఒకదాంట్లో తెల్లటి థర్మోకోల్. ఒకదాంట్లో పసుపుపచ్చటి నురగలాంటిది, గట్టిపడింది. మూడోదాంట్లో గోధుమరంగు పీచు, రాయిని కరిగించి తీస్తారట. జితేంద్ర చెబుతూండగానే పెద్దాయన వాటికి పేర్లు పెట్టేశాడు: ఇడ్లీ, మైసూర్‌పాకు, పీచుమిఠాయి. అంతటితో ఆగలేదు. చాకుతో థర్మోకోల్ ముక్కలోంచి కొంచెం తీసి గుండ్రంగా చెక్కి, సాంబారు పోసి, ఆలస్యంగా వచ్చిన జశ్వంత్ అనే కుర్రాడి ముందు పెట్టాడు. వాడు ఫోను చూసుకుంటూ మూడుసార్లు చెంచా పొడిచాడు. నాలుగోసారి చేత్తో విరవబోయాడు. అప్పటికి బల్లల మీద నవ్వని మనిషి లేడు.

"కొత్త రకం బియ్యం బాబూ. అలా పొడిస్తే కాదు, మీ పాఠంలాగ నమలాలి."

లీలావతి మూడు ముక్కల్నీ పెరట్లో ఎండలో పెట్టించింది. అరగంట తరవాత అడుగున చెయ్యి పెట్టి చూసింది. పసుపుది అన్నిటికన్నా చల్లగా ఉంది. పీచుది దానికి ఒక మెట్టు తక్కువ, బరువు మాత్రం ఎక్కువ. జితేంద్ర దాచకుండా చెప్పాడు, పీచుది కాలదు, ఎక్కువగా కొలుములున్న చోట వాడతారు, చల్లదనమే ముఖ్యమైతే మాత్రం పసుపుది. లీలావతి పసుపు ముక్క మీద చెయ్యేసి, ఇదే అంది.

జ్ఞానప్రకాశం పట్టకారు తెచ్చాడు. ఆ ముక్కలోంచి నిమ్మకాయంత నురగ తుంచి, పెరట్లో నీళ్లు కాచే కట్టెలపొయ్యి దగ్గరికి నడిచాడు.

"మళ్లీ ఏటి ఏషం బాబాయ్?" అంటూ ఆమె వెనకాలే వెళ్లింది. జశ్వంత్ మీద అయింది, ఇప్పుడు జితేంద్ర వంతు అనుకుంది.

ఆయన నురగని మంటలో పెట్టాడు. అది సర్రున అంటుకుని, ఆ కాస్త సరుకులోంచి బారెడు నల్లటి పొగ లేచింది. గొంతులో గుచ్చే వాసన. లీలావతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం మొహం పక్కకు తిప్పలేదు. తరవాత పీచు తుంచి మంటలో పెట్టాడు. అది కాస్త నల్లబడింది, అంతే.

"ఈ వాసన నాకు తెలుసు లీలమ్మా," అన్నాడు. "జెర్రీ దీనికే పోయినాడు."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక, తన మొహం మీదున్న నవ్వు ఎలా తియ్యాలో తెలీలేదు.

ఇరవై రెండేళ్ల కిందటి సంగతి. బాలాసోర్ అవతల ఒక పెళ్లి, వంటకి షెడ్డు. చల్లగా ఉంటుందని కప్పు లోపల ఇలాంటి నురగే కొట్టించారట. నూనె అంటుకుంది. మంట చిన్నదే, రెండు బిందెల నీళ్లకి ఆరేదే. కానీ అది కప్పుని తాకింది.

"నిప్పు ఆడిని తాకనేదమ్మా. ఒంటి మీద సొక్కా కూడా కాలనేదు. పొగ దిగిపోనాది. నాను గుమ్మం కాడున్నాను, బయటపడ్డాను. ఆడు బూరెల మూకుడు కాడున్నాడు." పట్టకారు పొయ్యి గట్టు మీద పెట్టాడు. "పీచుది ఏయించు."

అన్ని కథలు చెప్పిన మనిషి, ఈ ఒక్క కథా ఇన్నేళ్లు చెప్పలేదు. లీలావతి పొయ్యి పక్క గోడ ఒక్కటీ పీచుది వేసి, పైకప్పు పసుపుది వేద్దామంది. మంటకి గోడ దగ్గర ఆగమని ఎవరు చెబుతారు అన్నాడాయన.

"సల్లగుండేది అదే కదా బాబాయ్. ఇదంతా నీకోసమే కదా కడతన్నాను."

"నాకోసం కట్టకు. నానెన్నాళ్లు నిలబడతాను? నా తరవాత ఆ పొయ్యికాడ నిలబడతాడు సూడు, ఆడికోసం కట్టు."

ఆమెకి ఒళ్లు మండింది. అలాంటి మాటలాడితే ఇప్పుడే ఖరిదా పంపించేస్తానని కసిరింది. సాయంత్రం ఫోన్ చేసి చెబుతానని జితేంద్రని పంపేసింది. మనసులో మాత్రం పసుపుదే ఖాయం చేసుకుంది. నిప్పు ఎప్పుడో ఒకనాడు వస్తుందో రాదో. ఎండ రోజూ వస్తుంది. ఈ మనిషి గుండె రోజూ కొట్టుకోవాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన చల్ల పోసుకుని ఇంత అన్నం తిన్నాడు, ఎప్పటిలాగే పచ్చిమిరపకాయ కొరికి, కారం లేదని కొట్టువాణ్ణి తిట్టాడు. తరవాత సామాన్ల గదిలో బల్ల మీద నడుం వాల్చాడు. నాలుగింటికి లీలావతి జితేంద్రకి చెబుదామని చూస్తే ఫోను కనిపించలేదు. గల్లాపెట్టెలో లేదు, పోపులడబ్బా వెనక లేదు. ఎవరి పనో తెలిసి నవ్వుకుంది. మాటతో గెలవకపోతే ఇలా గెలుస్తాడన్నమాట.

అయిదింటికి ఫోను మోగింది, సామాన్ల గదిలో. మోగి మోగి ఆగి, మళ్లీ మోగింది. ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. వెల్లకిలా పడుకున్నాడు, కళ్లు మూసుకుని, పెదవి చివర కొంచెం వంకర. దొంగనిద్ర నటించేటప్పుడు ఆ వంకర మామూలే. ఫోను పొట్ట మీద, రెండు చేతుల కింద ఉంది.

"లెగు బాబాయ్, సాల్లే," అంటూ ఆ చేతులు పట్టుకుంది.

రేకులు కాలిపోతున్న ఆ ఇంట్లో, గోడలూ బస్తాలూ ఆఖరికి తాగేనీళ్ల బిందె కూడా వేడెక్కి ఉన్న ఆ ఇంట్లో, ఆయన చేతులు చల్లగా ఉన్నాయి.

ఆమె బల్ల అంచున కూర్చుంది. ఆయన వేళ్ల మధ్య నుంచి మెల్లగా ఫోను తీసింది. అది ఇంకా మోగుతూనే ఉంది.

"దీదీ, ఫైనల్ బోలియే," అన్నాడు జితేంద్ర. "పసుపుదే కదా?"

"పీచుది," అంది లీలావతి. "నాలుగు గోడలూ. కప్పు కూడా."

జితేంద్ర ఇంకేదో అడుగుతున్నాడు. ఆమె కట్ చేసి, దోర్కా నంబరు నొక్కింది. అవతల మోగుతూండగా ఆమె చూపు గది మూలకి వెళ్లింది. అక్కడ నేల మీద అల్యూమినియం బేసిన్‌లో, పడుకునే ముందు ఆయన రేపటి ఇడ్లీలకని నానబోసిన మినప్పప్పు ఉబ్బి, పైన బోర్లించిన పళ్లాన్ని ఒక పక్కకి ఎత్తేసింది.