మా ఇల్లు మేమే విప్పుకున్నాం

"సముద్రం మిమ్మల్ని వెళ్లగొట్టిందా, మీరే వచ్చేశారా?" అని శరణు కోరి వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే అధికారి అడిగితే పెద్దవదిన గొంతులో గర్వమే పలికింది.

"వెళ్లగొట్టేదాకా కూర్చుంటామా బాబూ? నీళ్లు గడప దాకా రాగానే ఇల్లు విప్పుకున్నాం. మా చేతులతోనే. ఒక్క తలుపు విరగలేదు."

అక్కడే కొంప మునిగింది. వాళ్ల తీరంలో ఇళ్లకు మేకులుండవు, అన్నీ తాళ్లూ కర్ర శీలలే. కెరటం ముందుకొచ్చినప్పుడల్లా విప్పి వెనక్కి జరుపుకుంటారు. ఇంటిని నీళ్లకు వదిలేసినవాణ్ణి చూసి ఊరంతా నవ్వుతుంది. ఈసారి వెనక్కి జరగడానికి నేల మిగల్లేదు, అంతే.

చట్టానికి ఇదంతా ఎందుకు? ఇల్లు తామే విప్పుకున్నారు కాబట్టి ఇష్టపడి వచ్చినట్టేనట, సముద్రం తరిమినవాళ్లకిచ్చే రక్షణ వర్తించదట. రేపు పెద్దవదిననీ ఆమె భర్తనీ పడవెక్కించి వెనక్కి పంపుతారట. వెనక్కి ఎక్కడికి? పీకలోతు నీళ్లలోకా?

ఆ సాయంత్రం రొయ్యల కంపెనీ వెనక గోడౌనులో ఆ తీరం నుంచి వచ్చినవాళ్లందరూ చేరారు. పగలు రొయ్యలు ఒలిచేదీ అక్కడే, పడుకునేదీ అక్కడే. రాత్రయితే గేటుకు తాళం బయటనుంచి. రక్షణ లేని కూలీ నోరెత్తడని కంపెనీకి బాగా తెలుసు.

"అధికారి ఇంకా అడగని మిగతావాళ్లు జాగ్రత్త," అన్నాడు వాళ్ల తరఫు లాయరు. "రాత్రికి రాత్రే ఇల్లు కూలిందని చెప్పండి. ఇంట్లో ఒకరు పోయారంటే ఇంకా మంచిది."

"చెబుదాం," అన్నాడు పెద్దవదిన మరిది తలెత్తకుండా. "వదిన నోరు జారిందని అందరం మునగాలా?"

పెద్దవదినకు ఏడుపు ముంచుకొచ్చింది. "వాడన్నది నిజమే. నా ఖర్మ నాది. మీరు బతకండి."

మూల కూర్చున్న ముసలి మంత్రసాని కస్సుమంది. "ఒరే, శవాన్ని చూపిస్తేనే రక్షణ అంటున్నారు వాళ్లు. నువ్వు సరేనంటున్నావు. రేపు మన వెనక వచ్చేవాళ్లు ఎవర్ని చంపుకుని రావాలిరా?"

మరిది లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పొద్దున్నే గేటు తెరిచారు, వ్యాను వచ్చింది. పోలీసులు పెద్దవదిన రెక్క పట్టుకుని ఎక్కించారు, వెనకే ఆమె భర్తను తోశారు. మరిది వాళ్ల వెంట వచ్చిన అధికారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మా ఇల్లూ మేమే విప్పుకున్నాం. రాసుకోండి."

"మాదీ," అంది మంత్రసాని. ఆ వెనక మరొకరు, మరొకరు.

"అందరూ ఇలా చెబితే అందర్నీ పంపాల్సొస్తుంది," అన్నాడు అధికారి.

"పంపండి. మీ రొయ్యలు మీరే ఒలుచుకోండి," అంటూ మరిది వ్యాను ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. జనమంతా కూర్చున్నారు. లాఠీ లేచింది. మరిది నుదురు చిట్లింది, కానీ లేవలేదు.

వ్యాను కటకటాలు పట్టుకుని పెద్దవదిన వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతలో ఎదుటి ఇటుకబట్టీ నుంచి కూలీలు వచ్చారు. కరువు నేల నుంచి వచ్చినవాళ్లు, ఇన్నాళ్లూ వీళ్లతో పలకరింపైనా లేనివాళ్లు. వాళ్లలో ఒకామె మరిది పక్కన చతికిలబడి అధికారి వైపు చూసింది.

"బావి పూర్తిగా ఎండకముందే మా ఊరు మేమే వదిలేశాం. మా పేర్లూ రాసుకోండి."