కింది సరస్సుకు పైన దింపిన బరువు

మా తాత్రా కొండల్లో పై సరస్సు ఒడ్డున ఉన్న, కొండలెక్కేవాళ్ళ బసకు బండిదారి లేదు. పిండి, బంగాళాదుంపలు, గ్యాస్ సిలిండర్లు, అన్నీ చెక్క చట్రానికి కట్టి వీపు మీద మోసుకెళ్ళాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా నా పని అదే. మాలో ఒక కట్టుబాటు ఉంది. రాతిగోడ ఎక్కి పై సరస్సు కనబడేదాకా ఎవరూ భుజాల నుంచి పట్టీలు తియ్యరు. నిలబడి చట్రాన్ని రాయికి ఆనించుకోవచ్చు. పట్టీలు తీశాడంటే ఆ మనిషి పని అయిపోయినట్టే.

ఆ అక్టోబరులో, బస నడిపే ఒటోకార్ చలికాలానికి ఇద్దరినే ఉంచుకుంటానన్నాడు. మేం ముగ్గురం. నా ఎడమ మోకాలి సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. నొప్పి మొదలవగానే అడుగులు లెక్కపెట్టేవాణ్ణి. లెక్క నడుస్తున్నంతసేపూ ఆ మోకాలు ఇంకెవరిదో అనిపించేది.

ఆ ఉదయం నా వీపు మీద అరవై రెండు కిలోలు. కింది సరస్సు దాటి ఎత్తు ఎక్కుతుంటే నాలుగు వందల దగ్గర లెక్క తెగిపోయింది. మోకాలు వంగింది, మళ్ళీ నిలబడలేదు. పక్కనే ఇల్లంత బండ. వెనక్కి తిరిగి చట్రాన్ని దాని అంచు మీద పెట్టాను. తర్వాత నా చేతులు నన్ను అడక్కుండానే పట్టీలు తీసేశాయి.

సిగ్గు కోసం ఎదురుచూశాను. అది రావడానికి ఆలస్యమైంది. ఈలోగా చేసేదేమీ లేక కిందికి చూశాను.

బరువు కింద మనిషికి కనిపించేవి తన బూట్లు, వాటి కింద రాయి. ఆ రాయి నాకు బాగా తెలుసు. ఒకప్పుడు లోయనిండా పాకిన మంచునది నునుపుచేసి వదిలిన పలకలు, వాటి మీద ఒకే వైపు సాగిన గీతలు. తడిసినప్పుడు ఏది కాలిని పట్టుకుంటుందో, ఏది జారుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. లోయను మాత్రం గడియారాన్ని చూసినట్టు చూసేవాణ్ణి, ఇంకా ఎంత ఉందో తెలుసుకోవడానికి.

రెండు వైపులా నిటారు గోడలు, అడుగున దోనెలా గుండ్రంగా తొలిచిన నేల. పొట్టి పైన్ పొదల కింద సరస్సు. ఒడ్డున రాళ్ళు లెక్కపెట్టేంత తేట, తర్వాత ఆకుపచ్చ, నడిమధ్య నలుపు. దాన్ని పట్టి నిలిపింది నేను రోజూ తిట్టుకుంటూ దాటే రాళ్ళగట్టు. పైనుంచి చూస్తే అది ఒక్క వంపులో ఆ గోడను ఈ గోడతో కలిపింది. మంచు అక్కడిదాకా వచ్చింది, మోసుకొచ్చిందంతా దింపింది, కరిగిపోయింది. నీళ్ళు ఆగింది ఆ దింపిన రాళ్ళ వెనకే. నా వీపు వెనక బండ కూడా ఏ శిఖరం నుంచో అదే తెచ్చి పెట్టింది. అంత మోతగాడి దారిలో నా అరవై రెండు కిలోలు! నవ్వొచ్చింది. నా గురించి కాని ఆలోచన ఒకటి నాలో ఇంతసేపు నిలిచి ఎన్నేళ్ళయిందో.

"వెండెలీన్ బాబాయ్! ఏంటలా నిలబడ్డావ్, ఫొటో తీయించుకుంటున్నావా?" నాతోపాటు బరువులు మోసే టెర్కా కిందనుంచి వస్తోంది. దగ్గరికొచ్చి పట్టీలు చూసింది. నవ్వు ఆగిపోయింది.

"నేను చూళ్ళేదు. భుజాలు పెట్టు, ఎత్తుతాను. తొందరగా! వెనక యోనాష్ వస్తున్నాడు. వాడి నోరు తెలుసుగా, రేడియో."

"ముందు ఇలా వచ్చి ఆనుకో. అటు చూడు."

"మతిపోయిందా? నా వీపు మీద యాభై కిలోల క్యాబేజీ ఉంది!"

అయినా ఆనుకుంది. తల తిప్పి కిందికి చూసింది.

"ఆ గట్టుకు అంత వంపుందని నాకు తెలీదు," అంది.

"నాకూ తెలీదమ్మా."

"ముప్పై ఏళ్ళూ ఏం చేశావయ్యా ఇక్కడ?"

"లెక్కపెట్టాను."

యోనాష్ రొప్పుతూ వచ్చాడు. మా మూడో మోతగాడు. టెర్కా గబుక్కున అంది, "బాబాయ్ పట్టీ తెగింది. కడుతున్నాం."

తల ఊపితే సరిపోయేది. సిగ్గు అప్పుడు వచ్చింది, ఒళ్ళంతా వేడిగా. అయినా నోరు తెరిచాను.

"తెగలేదు. మోకాలు పోయింది. నేనే దింపాను. ఒటోకార్‌కు కూడా నేనే చెప్తాను. చలికాలం మీ ఇద్దరిదీ."

యోనాష్ టెర్కా వైపు చూశాడు. వీపు నా వైపు వంచి, నా చట్రం నుంచి గ్యాస్ సిలిండర్ విప్పి తన చట్రానికి కట్టమన్నాడు. టెర్కా పిండి సంచీ తీసుకుంది. నాకు రొట్టెలు, జున్ను మిగిలాయి.

"నువ్వు ముందు నడువు," అన్నాడు యోనాష్.

ఇద్దరూ నన్ను దాటకుండా వెనకే వచ్చారు. రాతిగోడ మొదట్లో నేను ఆగి వెనక్కి తిరిగాను. కింద నీళ్ళ మీద ఎండ పడుతోంది.

"ఎంతసేపు బాబాయ్? నీ సిలిండర్ నా నడుం విరగ్గొడుతోంది," అన్నాడు యోనాష్.

"ఇంకొక్క నిమిషం," అన్నాను.

సణుక్కుంటూనే వాళ్ళు కూడా అటు తిరిగారు.