పెట్టెకు కిటికీ సీటు

మోకాలి లోతు నీళ్ళలో దిగాల్సిన దీవిని నియెవెస్ ఓడ యాత్ర పట్టికలో మూడో రోజు నుంచి తీసి అయిదో రోజుకు మార్చింది. వచ్చే నెల బృందమంతా ముసలివాళ్ళు, మొదట్లోనే కాళ్ళు జారితే గోల. మార్చగానే ఎర్రకాళ్ళ పక్షుల దీవి పట్టికలోంచి ఎగిరిపోయింది. ఆ పక్షుల కోసమే సముద్రాలు దాటి వస్తున్నామని వాళ్ళు ముందే రాశారు. పని మళ్ళీ మొదటికొచ్చింది. ప్వెర్తో అయోరా రేవు పక్కన ఈ విహార ఓడల కంపెనీ గదిలోనే ఆమె జుట్టు నెరిసింది. నోట్లో నాలుక లేని మనిషని అందరూ అంటారు. అది మెచ్చుకోలని ఇన్నాళ్ళూ అనుకుంది.

తమ్ముడు ఓల్గెర్‌దీ అదే కంపెనీ. ఓడ నుంచి అతిథులను ఒడ్డుకు చేర్చే చిన్న పడవ నడుపుతాడు. ఆ ఉదయం తిరుగు ప్రయాణమైన బృందాన్ని రేవులో దించాడు. అందులో ఫొటోలు తీసే ఒకాయన కెమెరా పెట్టెను తనే పసిబిడ్డలా రెండు చేతులా దించాడు. మధ్యాహ్నం విమానంలో ఆ పెట్టెకు విడిగా సీటుంది. ఆ టికెట్టు తీసింది నియెవెసే. ఆ సంగతి విన్నప్పుడు ఓల్గెర్ పగలబడి నవ్వాడు.

"నాకంటే ఆ పెట్టె రాతే నయమక్కా. దర్జాగా కిటికీ పక్కన కూచుంటది."

ఆ ఉదయం పెట్టె దించి, ఓల్గెర్ కడుపు పట్టుకుని రేవులోనే కూలబడ్డాడట. పేగు మెలిపడిందని, ఆపరేషన్ చేసే డాక్టరు సెలవులో ఉన్నాడని, మధ్యాహ్నం విమానంలో సముద్రం అవతల గుయాకిల్ నగరానికి చేర్చకపోతే మనిషి దక్కడని ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. విమానం నిండిపోయింది. పెట్టె సీటు ఒక్కటే ఉంది.

ఆమె మేనేజరు రామిరో దగ్గరికి పరుగెత్తింది.

"పనివాడి కోసం అతిథి ముందు చెయ్యి చాస్తామా? మన పరువేం కాను?" అన్నాడు రామిరో. యజమానిని కనుక్కుని చెప్తాను, అందాకా ఎవరినీ కదిలించొద్దన్నాడు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఎందుకు కూర్చుందో, ఏ దరిద్రపు అలవాటు కూర్చోబెట్టిందో! అద్దం తలుపు అవతల రామిరో కాఫీ తెప్పించుకున్నాడు. మెల్లగా ఊదుకుంటూ తాగాడు. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఫోన్ తీసి, విమానాశ్రయంలో ఉన్న గైడుకు తనే చేసింది. ఫొటోలాయన ఒక్క క్షణం ఆలోచించలేదట. పెట్టెను సామాన్లలో వేసెయ్యమన్నాడట. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాడట.

తమ్ముణ్ణి ట్రక్కు వెనక పడుకోబెట్టి, పక్కన ఆమె కూర్చోగా, దీవి ఆ చివరికి ఉరికించారు. విమానాశ్రయం సముద్రపు పాయకు అవతలి దీవిలో ఉంది. దాటించే బోటు కోసం కాచుకుని ఉండగానే విమానం వాళ్ళ నెత్తిమీదుగా వెళ్ళిపోయింది, ఒక సీటు ఖాళీగా.

"వెళ్ళిపోయిందా అక్కా?"

"అది వేరేదిలేరా. మనది ఉంది."

ఓల్గెర్ తలాడించాడు. బోటు వచ్చేసరికి ప్రాణం లేదు.

సాయంత్రం రామిరో ఫోన్ చేశాడు. అయ్యో పాపమన్నాడు. ఆ నోటితోనే, రేపు పొద్దున ఇంకో బృందం దిగుతోంది, పడవకు ఇంకో మనిషిని చూడమన్నాడు. ఓల్గెర్ వేసుకున్న లైఫ్ జాకెట్ కంపెనీది, అదీ పంపమన్నాడు.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అతన్ని మీరు అనే పిలిచింది.

"నువ్వే వచ్చి తీసుకోరా," అని ఫోన్ పెట్టేసింది.

ట్రక్కు వెనక, ఓల్గెర్ తల కింద మడిచి పెట్టిన నారింజ రంగు జాకెట్ అక్కడే ఉంది. తల ఆనిన చోట గుంట ఇంకా పూడలేదు.