రెండు కాదు, ఎనిమిది

“ఎనిమిది,” అంది కాజాలక్క.

నర్సు కలం కాగితానికి ఆనకుండానే ఆగిపోయింది. పొద్దుటి నుంచీ ఇలా ఎగబాకిన అంకె చెప్పినవాళ్లలో ఈమె పదకొండోది.

కాజాలక్క గోడ అవతలి బట్టల మిల్లులో పంతొమ్మిదేళ్లుగా చొక్కాలకు కాజాలు కుడుతోంది. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ మనుషుల నోట్లో లేదు. ఆరు వారాల కిందట మందు మొదలుపెట్టేటప్పుడు మణికట్టు నొప్పి ఎంతని అడిగితే ఆరు అంది. నొప్పే లేకపోతే సున్నా, ఇక ఓర్చుకోలేనంటే పది, అదీ లెక్క. ఆ తరవాత ప్రతి శనివారం ఆమె కార్డు మీద రెండే పడింది. మందు పనిచేస్తోందని ఈ పరిశోధనశాలలో అందరూ మురిసిపోయారు. తీరా చివరి పరీక్ష రోజున ఎనిమిది అంటోంది.

“బాగా ఆలోచించి చెప్పమ్మా,” అంది నర్సు, గొంతులో కంగారు దాచుకోలేక.

“ఆలోచించే చెప్పాను. వేసుకోండి.”

కిటికీ దగ్గర నిలబడ్డ పెద్ద మేడమ్ గబగబా బల్ల దగ్గరికి వచ్చింది. ఆవిడ ఫార్మకాలజిస్టు. మందు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో, ఎంత చేస్తుందో తేల్చడం ఆవిడ పని. యాభై ఎనిమిదేళ్లు నిండాయి, రిటైర్మెంటుకు రెండేళ్లుంది. భయాన్నీ నొప్పినీ ఒకే మందుతో తగ్గించవచ్చని నమ్మి, నలభై ఏడో నంబరు మందు వెనక ఇరవై రెండేళ్లు తిరిగింది. పేరైనా పెట్టని ఆ మందును ఆవిడ భర్త ‘మన చిన్నమ్మాయి’ అంటాడు. ఇరవై రెండేళ్లొచ్చినా గడప దాటని పిల్లని ఎక్కడా చూడలేదని ఈ పొద్దున కూడా టిఫిను బాక్సు చేతికిస్తూ ఆటపట్టించాడు.

ఇవాళ గడప దాటుతుందనే అనుకుంది ఆవిడ. మిల్లులో చేతుల నొప్పులున్న అరవై మంది ఆడవాళ్లలో సగానికి పసుపు పట్టీ మాత్రలు, అంటే పెద్ద మోతాదు. సగానికి తెల్ల పట్టీ, చిన్న మోతాదు. పొద్దున కాజాలక్క తప్ప పసుపు వాళ్లందరూ వచ్చి వెళ్లారు. ఎదురు తిరిగిన పదకొండు మందీ పసుపు వాళ్లే. మందు ఎక్కువైన కొద్దీ నొప్పి పెరిగిందని దీని అర్థమా? అదే అయితే ఇరవై రెండేళ్లూ బూడిదలో పోసినట్టే.

“ఇది పిండమ్మా,” అని పిడికిలి బలం కొలిచే మీటరు తనే కాజాలక్క చేతికిచ్చింది.

కాజాలక్క పళ్లు బిగించి పిండింది. ముల్లు ఆరు వారాల కిందటి గీత దాటి చాలా దూరం పోయింది. చెయ్యి మెరుగైంది, అంకె మాత్రం చెడింది. పెద్ద మేడమ్ తలుపు వైపు చూసింది. పొద్దుటి నుంచీ అక్కడే కాపు కాసిన లైను సూపర్‌వైజరు తెల్ల పట్టీ వాళ్లను తీసుకురావడానికి మిల్లుకు వెళ్లాడు. బాత్రూముకు వెళ్లినవాళ్లు మూడు నిమిషాల్లో రాకపోతే పేరు రాసుకుంటాడు కాబట్టి అతన్ని అందరూ గడియారం అంటారు.

“నిజం చెప్పమ్మా. మందు మొదలుపెట్టాక నొప్పి పెరిగిందా?”

“అయ్యో, పెరగడమేంటి డాక్టరమ్మా, తగ్గింది. అప్పుడు పది. ఇప్పుడు ఎనిమిది.”

“అప్పుడు ఆరన్నావు కదా!”

“పదంటే ఇక పనికిరావంటారని ఆరన్నాను.”

“మరి కార్డు మీద రెండెందుకు వేశావు?”

కాజాలక్క ఆవిడ మొహంలోకి వింతగా చూసింది. ఇంత చదువుకున్న మనిషికి ఇదీ తెలియదా అన్నట్టుంది ఆ చూపు. “కార్డులు గడియారం సొరుగులో కదా ఉండేవి? మొదటి శనివారం నలుగురు అయిదుకి పైన వేశారు. సోమవారం పొద్దున్నే వాళ్లని మిషన్ల మీంచి లేపేసి దారాలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ రోజు కూలిలో మూడోవంతు కోత. ఇంకెవరు వేస్తారమ్మా? రెండు వేసేదాన్ని, ఇంటికెళ్లి వేణ్ణీళ్లలో చెయ్యి పెట్టుకుని ఏడ్చేదాన్ని.”

“ఇప్పుడు మాత్రం ఎలా చెప్పావు?”

“అదే నాకూ తెలియట్లేదు,” అని నవ్వింది కాజాలక్క. “నాలుగైదు రోజులై ఆయన బూట్ల చప్పుడు వినబడితే గుండె దడదడలాడటం లేదు. వస్తే రానీ అనిపిస్తోంది. పసుపు మాత్రలవాళ్లం చాలామందిమి ఇదే చెప్పుకుంటున్నాం.”

పెద్ద మేడమ్ స్టూలు లాక్కుని కూలబడింది. మందు పనిచేసింది. ముందు భయాన్ని తీసింది, దాంతో నొప్పికి నోరొచ్చింది. ఒక్క క్షణం ఆవిడ గుండె సంతోషంతో ఉప్పొంగింది. మరుక్షణం ఆ సొరుగు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. కార్డులు ఇళ్లకు తీసుకెళ్తే పోతాయి, సూపర్‌వైజరు దగ్గరుంటే భద్రం అని మిల్లువాళ్లు రాస్తే, ‘సరే’ అని సంతకం పెట్టింది తనే. ఆ వారం ఊపిరాడని పని. చదివిందో లేదో కూడా గుర్తులేదు.

ఎలుకల విషయంలో అయితే ఆవిడ అలా ఎన్నడూ చెయ్యలేదు. వేడి పలక మీద పెట్టిన ఎలుక ఎంతసేపటికి కాలు ఎత్తిందో చూసి నొప్పి కొలుస్తారు. బెదిరిన ఎలుక కాలు కాలుతున్నా ఎత్తదు. అందుకే బెదిరిన ఎలుకని నొప్పి అడగొద్దని ముప్పై ఏళ్లుగా చెప్పీ చెప్పీ ఆవిడ నోరు అరిగిపోయింది. కొత్త చేతులు తగిలితే అరగంట ఆగమనేది. సెంటు పూసుకొచ్చిన కుర్రాళ్లను గుమ్మంలోంచే వెనక్కి పంపేది. ఎలుకకు చేసిన ఆ పాటి మర్యాద ఈ అరవై మంది ఆడవాళ్లకు తను చెయ్యలేదు. ఆ మాట ఆవిడ తనతో తాను సాకులు లేకుండా చెప్పుకుంది.

మూడింటికి డైరెక్టరు పిలిచాడు. అతను ఒకప్పుడు ఆవిడ దగ్గరే ఎలుకను తోక పట్టి కాకుండా అరచేతిలోకి తీసుకోవడం నేర్చుకున్నాడు. ఇప్పుడు మిల్లూ మందుల కంపెనీ రెండూ ఉన్న యజమానికి కుడిభుజం.

“కూర్చోండి మేడమ్. కాఫీ తాగుతారా?” అంటూనే ఒక కాగితం ముందుకు జరిపాడు. “పదకొండు మంది కార్డులు పక్కన పెట్టేద్దాం. మిగతా పసుపు పంతొమ్మిదీ, తెల్లవి ముప్పై, శనివారం కార్డుల ప్రకారం అన్నీ ఆరు నుంచి రెండుకు దిగినవే. ఇంతకంటే మంచి ఫలితం ఎక్కడ దొరుకుతుంది? నాలుగింటికి యజమాని గారికి పంపాలి.”

ఆవిడ కాగితం చదివింది. ఈసారి ప్రతి అక్షరం చదివింది. పదకొండు పేర్ల కింద, ‘వీరు చెప్పిన సమాచారం నమ్మదగినది కాదు’ అని ఉంది. అడుగున, ఒక ప్రతి మిల్లు మేనేజరుకు అని ఉంది.

“మిల్లుకెందుకు?”

డైరెక్టరు తన కాఫీ కప్పు అందుకున్నాడు. “వాళ్ల మనుషులే కదా మేడమ్. అడిగారు.”

“అబద్ధాలకోర్లని రాసిస్తే పనిలో ఉంచుతారా?”

“అది మిల్లు వ్యవహారం.”

“నువ్వు లెక్క తెలిసినవాడివి. నిజం చెప్పింది ఆ పదకొండు మందే. మిగతా నలభై తొమ్మిదీ చెత్త. కార్డులు సూపర్‌వైజరు చేతిలో పెట్టడం నా తప్పు. అదే రాసిస్తాను. మొదటి నుంచీ మళ్లీ చేద్దాం.”

“మళ్లీనా?” అతను చేతిలో కప్పు కింద పెట్టాడు. “మేడమ్, మీరంటే గౌరవం కాబట్టి దాపరికం లేకుండా చెబుతున్నాను. యజమాని రెండోసారి పైసా పెట్టరు. ఇవాళ సంతకం లేకపోతే నలభై ఏడు ఫైలు మూసేస్తారు. మీ ఇరవై రెండేళ్లు మేడమ్! ఆ పదకొండు మంది మీకేమవుతారు?”

ఏమవుతారు? ఏమీ కారు. కలం చేతిలోకి తీసుకుంది కూడా. మందు నిజంగా పనిచేస్తుంది, అది ఆవిడకు తెలుసు. ఒక్క సంతకం పెడితే అది బయటికి వెళ్తుంది, ఎక్కడెక్కడి మనుషులకో దడ తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది. పదకొండు మందికి మాత్రం కూడు పోతుంది. ఆ లెక్క వేస్తున్నందుకే ఆవిడకు తన మీద అసహ్యం వేసింది.

“తెల్ల పట్టీ వాళ్ల పరీక్ష ఇంకా అవలేదు,” అని కలం పట్టుకునే లేచింది.

“వాళ్లు కూడా రెండే అంటారు మేడమ్!”

“అదే నా భయం.”

హాల్లో బల్లల మీద తెల్ల పట్టీ వాళ్లు ముప్పై మంది ఒద్దికగా కూర్చున్నారు. చిన్న మోతాదు వాళ్ల దడను తీయలేదని మొహాలే చెబుతున్నాయి. పని అయిపోయినా వెళ్లకుండా కాజాలక్క వాళ్ల మధ్యనే కూర్చుని ఉంది. గడియారం కార్డుల కట్ట చంకన పెట్టుకుని పరీక్ష గది గుమ్మంలో నిలబడ్డాడు.

పెద్ద మేడమ్ చెయ్యి చాపింది. “కార్డులివ్వు.”

“నా దగ్గరే ఉండాలని మీ ఉత్తర్వే ఉంది కదండీ?”

“ఉంది. రద్దు చేస్తున్నాను. ఇవ్వు.”

అతను ఇచ్చాడు, ఆశ్చర్యంలో ఇచ్చేశాడు. మొదటి పేరు ఆవిడే పిలిచింది. కాలర్లు కుట్టే ఒక సన్నపాటి మనిషి లేచి వచ్చింది. గడియారం కూడా వెనకే అడుగు వేశాడు. ఆవిడ అతని మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.

“ఎంతమ్మా?”

కాలర్లామె తలుపు వంక చూసింది. “రెండండీ.”

“ఇక్కడ నేనూ సిస్టరూ తప్ప ఎవరూ లేరు.”

“రెండేనండీ.”

తలుపు మీద దబదబా బాదారు. “మేడమ్, నాలుగవుతోంది!” డైరెక్టరు గొంతు. “ఆ కాగితం మీద సంతకం కావాలి! తలుపు తీయండి!”

“తీయను,” అంది పెద్ద మేడమ్. ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో పైవాళ్లతో ఆవిడ ఆ మాట అనడం అదే మొదటిసారి. మాత్ర వేసుకోని మనిషి కదా, భయం ఒళ్లంతా ఉంది. “సంతకమూ పెట్టను.”

బయట బాదడం ఆగింది. తరవాత హాల్లోంచి కాజాలక్క కేక వినబడింది. “చెప్పవే పిల్లా! నేను చెప్పలేదూ?”

పెద్ద మేడమ్ కార్డు బల్ల మీద పరిచి, ఇందాకటి నుంచీ చేతిలోనే ఉన్న కలాన్ని కాలర్లామె ముందు పెట్టింది. “నేను రాయను. సిస్టరూ రాయదు. నువ్వే వేసుకో.”

కాలర్లామె కలం అందుకోబోయింది. వేళ్లు ముడుచుకోలేదు. కలం జారి నేల మీద పడింది. వంగి తీసుకుంది, మళ్లీ జారింది. తలుపు మళ్లీ బాదుతున్నారు, ఈసారి గడియ కూడా కదులుతోంది. ఆమె కుడిచేతి వంక చూసుకుంది, తలుపు వంక చూసింది, కలాన్ని ఎడమచేత్తో పట్టుకుని కార్డు దగ్గరికి లాక్కుంది.