తెల్లపెట్టె సవతి

మా సెనెగల్ నది ఒడ్డున నా ఈడు ఆడవాళ్ళలో చాలామందికి సవతులున్నారు. మా ఆయన యేరో మాత్రం ఇంకో పెళ్ళి చేసుకోలేదు. "అదృష్టమంటే నీదే, టక్కో" అంటారు అందరూ. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోతుంది నాకు. మనిషైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు. నా సవతి మా పెరటి కంచె అవతల, నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ తెల్లటి చెక్కపెట్టె. దాని నిండా థర్మామీటర్లు. వాతావరణం లెక్కలు రాయడం మా ఆయన ఉద్యోగం.

మూడు గంటలకోసారి దాని దగ్గరికి పరిగెత్తాలి. నోట్లో ముద్ద ఉన్నా సరే, ఇంటికి చుట్టాలొచ్చినా సరే. మా పెద్దపిల్ల పుట్టిన రోజున పిల్ల మొహమైనా చూడకుండా ముందు పన్నెండింటి లెక్క చూసొచ్చాడు మహానుభావుడు. పెట్టె తలుపు తీసి, తన ఊపిరి తగిలి ఎక్కడ వేడెక్కుతుందోనని ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా చూస్తాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారైనా అలా చూశాడా?

"ఏముందయ్యా అందులో అంత?" అని ఒకసారి అడిగేశాను.

"ఇలాంటివి లోకమంతా వేలున్నాయే. ఈ తేదీకి మామూలుగా ఎంతుండాలి, ఇవాళ ఎంత ఎక్కువుంది అని ఊరూరి లెక్కా తీసి కలుపుతారు. ఏ ఏడు భూమి ఎంత వేడెక్కిందో అట్లాగే తెలిసేది. మనూరి లెక్క పోతే అక్కడ చిల్లు పడ్డట్టే" అన్నాడు.

నేను పుట్టింటికి పోయి రెండు నెలలున్నా ఈయనకి ఏ చిల్లూ పడలేదు.

మా నది ఒడ్డున ఏప్రిల్ ఎండ కొత్తేమీ కాదు గానీ, ఈ ఏడు మాడు పగిలిపోయింది. మా ఊరి రికార్డు నలభై ఏడు పాయింట్ రెండు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లెక్క చూసి వచ్చిన యేరో మొహం పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది.

"నలభై ఏడు టక్కో! ఇంకో గంటలో రికార్డు బద్దలే!"

ఆ పూట నేను కొత్త నీలం బట్టలు కట్టుకున్నాను. పాదాలకి గోరింటాకు పెట్టుకున్నాను. చూస్తేగా! ఈలోగా టీకి పిలవడానికి మా మేనబావ బోకర్ వచ్చాడు. బావ గనక ఏమన్నా పడాలి.

"ఏం మరదలా, పెద్దావిడ ఇవాళ మంచి వేడి మీదుందట! చిన్నావిడవి, నువ్వు కాస్త సర్దుకుపో మరి" అన్నాడు.

మా ఆయన పకపకా నవ్వాడు. నవ్వుకుంటూనే ఇద్దరూ వెళ్ళిపోయారు.

గంగాళంలో దుప్పట్లు నానుతున్నాయి. ఒకటి నీళ్ళోడుతుండగానే తీసుకెళ్ళి పెట్టె మొత్తం కప్పేశాను. "ఇంద, నువ్వూ చల్లబడవే మాయలాడీ!" అన్నాను. అది ఆరిపోతే మళ్ళీ తడిపి కప్పాను. అయిదున్నరకి తీసేశాను.

ఆరింటికి యేరో వచ్చి చూశాడు. పగటి అత్యధిక వేడిని పట్టి ఉంచే థర్మామీటర్ నలభై ఏడు దగ్గరే ఆగిపోయి ఉంది. రెండోసారి చూసి, ఆ అంకే రాసుకొచ్చాడు. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను.

తెల్లారి ఎనిమిదిన్నరకి రాజధాని నుంచి పై అధికారి ఫోను. ఆయన అరుపులు నాకు కూడా వినిపించాయి. "మీ పై ఊళ్ళో నలభై ఎనిమిది, కింది ఊళ్ళో నలభై ఎనిమిది. మధ్యలో మీ ఒక్క ఊరే చల్లగా ఎలా ఉందయ్యా? నిద్రపోయి, లేచి నోటికొచ్చిన అంకె వేశావా?"

"చూసే రాశానండీ" అన్నాడు యేరో. ఫోను పెట్టేశాక చాప మీద కూలబడ్డాడు.

"ఇరవై రెండేళ్ళలో ఒక్క తప్పుడు అంకె రాసి ఎరగనే. నన్ను దొంగంటున్నారు" అన్నాడు.

తప్పు చేసింది నేను, దొంగ అయింది ఆయన.

"నేనే" అన్నాను. "నేనే తడి దుప్పటి కప్పాను. ఓర్వలేక కప్పాను."

తిడతాడనుకున్నాను. పుట్టింటికి పొమ్మంటాడనుకున్నాను. ఏదైనా సరే, ఆ కోపమైనా నాదే కదా అనుకుని తలవంచుకుని కూర్చున్నాను.

యేరో పుస్తకం, కలం తెచ్చుకుని నా ఎదురుగా మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చున్నాడు.

"ఎన్నింటికి కప్పావు?"

"మూడుంపావుకి."

"దుప్పటి మందంగా ఉంటుందా? అన్ని పక్కలా కప్పేసిందా?"

"అన్ని పక్కలా."

"మళ్ళీ ఎప్పుడు తడిపావు? అప్పుడు గాలి ఉందా? నువ్వు ఎక్కడ నిలబడ్డావు? తర్వాతేం చేశావు?"

నేను చెప్పే ఒక్కో మాటా పొల్లుపోకుండా రాసుకుంటున్నాడు. రాసి తలెత్తి, నా మొహంలోకి చూసి "ఊఁ, తర్వాత?" అంటున్నాడు. నా పొద్దు ఎలా గడిచిందని ఈ మనిషి నన్ను అడగడం ఇదే మొదటిసారి. దుప్పటి తీసేసిన సంగతి దాకా వచ్చేశాను. తొమ్మిది కావస్తోంది. చెప్పడం అయిపోతే లేచి దాని దగ్గరికే పోతాడు.

"ఇంతేనా? ఇంకేమైనా ఉందా?" అన్నాడు కలం ఎత్తి.

ఇంకేమీ లేదు.

"ఉంది" అన్నాను. "రాసుకో."